కర్నూలు నుంచి వరల్డ్ గేమ్స్ దాకా: ఒలింపిక్స్‌లో లేని ఆట ఆడే పిల్లల్ని ఎలా ముందుకు తీసుకెళ్లాలి

పొద్దున ఆరింటికి స్టేడియం బయట స్కేట్ల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. కొడుకును షటిల్ కోచింగ్‌కు తీసుకొచ్చిన ఒకావిడ అడిగింది: "ఒలింపిక్స్‌లో లేని ఆట ఏంటికక్కా? రేపు పాపకు దాంట్లో ఏముంటాది?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. ఆమె కొడుకు ఆడే బ్యాడ్మింటన్ కూడా 1981లో ఒలింపిక్స్‌లో లేదు. ఆ ఏడాది అమెరికాలోని శాంతాక్లారాలో, ఎక్కువగా ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం మొదటిసారి జరిగిన వరల్డ్ గేమ్స్‌లో ఉంది. ఒలింపిక్ పతకాలిచ్చే ఆట అయింది 1992లో, బార్సిలోనాలో. సైనా, సింధు పతకాలు తెచ్చింది ఆ తర్వాతే.

మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా రోలర్ స్కేటింగ్ చేస్తోంది. ఇప్పుడు నాకు తెలిసినదాంట్లో సగమైనా మొదటి ఏడాదే తెలిసుంటే మాకు చాలా డబ్బు, రెండేళ్ల కాలం మిగిలేవి. అందుకే రాస్తున్నాను. నా ఉదాహరణలు ఎక్కువగా స్కేటింగ్‌వే. కానీ మీ పిల్లలు ఆడేది వుషు (చైనా యుద్ధకళ) అయినా, పవర్‌లిఫ్టింగ్ అయినా, కాంపౌండ్ విలువిద్య (కప్పీలున్న విల్లుతో ఆడేది) అయినా, తాడు లాగుడు అయినా నడవాల్సిన దారి దాదాపు ఒకటే. మీరు కర్నూల్లో ఉన్నా, కడపలోనో అనంతపురంలోనో ఉన్నా తేడా లేదు.

1. ముందు ఈ పోటీలేంటో తెలుసుకోండి

వరల్డ్ గేమ్స్ నాలుగేళ్లకోసారి, ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది జరుగుతాయి. 2017లో పోలండ్‌లో జరిగాయి. 2021లో జరగాల్సినవి, కరోనాతో టోక్యో ఒలింపిక్స్ ఒక ఏడాది వెనక్కి పోవడంతో ఇవీ వెనక్కి పోయి, 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగాయి. 2025 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో జరిగాయి. అక్కడ 34 క్రీడలు పెట్టారు. మళ్లీ జరిగేది 2029లో, జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరంలో. 1989లోనూ అక్కడే జరిగాయి.

ఒలింపిక్స్‌కూ వీటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఒకటి మనలాంటి తల్లిదండ్రులకు బాగా అర్థం కావాలి. ఒలింపిక్స్‌కు జట్టును పంపేది దేశంలోని ఒలింపిక్ సంఘం. వరల్డ్ గేమ్స్‌లో ఎవరు ఆడాలో తేల్చేది ఆ ఆటకు సంబంధించిన అంతర్జాతీయ సమాఖ్య. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఎన్నో స్థానం వచ్చింది, ర్యాంకు ఎంత, ఖండం స్థాయి పోటీల్లో ఏం చేశారు అన్నది చూసి, ఉన్న కొద్దిపాటి చోట్లను అదే పంచుతుంది. కాబట్టి ఇక్కడ సిఫార్సు కన్నా ఫలితం ముఖ్యం. చోట్లు మాత్రం నిజంగానే తక్కువ. చెంగ్డూకు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఇరవై మంది లోపే. వాళ్లు మూడు పతకాలు తెచ్చారు. వుషులో ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాండా 52 కిలోల విభాగంలో నమ్రతా బాత్రాకు రజతం, కాంపౌండ్ విలువిద్యలో రిషభ్ యాదవ్‌కు కాంస్యం, రోలర్ స్పీడ్ స్కేటింగ్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్‌కు కాంస్యం. రోలర్ క్రీడల్లో వరల్డ్ గేమ్స్ పతకం మన దేశానికి అదే మొదటిది. ఆనంద్‌కుమార్‌ది చెన్నై. మరుసటి నెలలోనే అదే 1000 మీటర్లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రేసు వీడియోను మా పాప ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చివరి మలుపులో అతని ఎడమ కాలు ఎక్కడ పడిందో ఆపి ఆపి చూపిస్తుంది.

2. మీ పిల్లల ఆట ఏ మెట్టు మీద ఉందో చూడండి

ఒలింపిక్స్‌లో లేని ఆటలన్నీ ఒకే రకం కాదు. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఆ ఆట వరల్డ్ గేమ్స్‌లో ఉందా, ఏషియన్ గేమ్స్‌లో ఉందా, మన నేషనల్ గేమ్స్‌లోనూ స్కూల్ గేమ్స్‌లోనూ ఉందా.

కబడ్డీ ఏషియన్ గేమ్స్‌లో 1990 నుంచి ఉంది. ఖోఖోకు 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచకప్ జరిగితే మన పురుషుల, మహిళల జట్లు రెండూ గెలిచాయి. అయినా ఈ రెండూ వరల్డ్ గేమ్స్ జాబితాలో లేవు. వాటి దారి వేరు. రోలర్ స్పీడ్ స్కేటింగ్ వరల్డ్ గేమ్స్‌లో మొదటి నుంచీ ఉంది కానీ ఏషియన్ గేమ్స్‌లో వస్తూ పోతూ ఉంటుంది. 2010 గ్వాంగ్‌జౌలో ఉంది, 2014 ఇంచియాన్‌లో లేదు, 2018 జకార్తాలో మళ్లీ వచ్చింది. 2023లో హాంగ్‌జౌలో 3000 మీటర్ల రిలేలో మన అమ్మాయిలకూ అబ్బాయిలకూ కాంస్యాలు వచ్చాయి. కాబట్టి "పోయినసారి ఉంది కదా" అని నాలుగేళ్ల ప్లాన్ వేసుకోకండి. ప్రతి పోటీకీ ఆ ఏడాది జాబితా చూసుకోవాలి.

ఆటలో ఏ విభాగం ఉందో కూడా చూడాలి. మన ఊళ్లలో పిల్లలు ఎక్కువగా నాలుగు చక్రాలు రెండు జతలుగా ఉండే క్వాడ్ స్కేట్లతో మొదలుపెడతారు. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో క్వాడ్‌కు విడిగా పోటీలుంటాయి, పతకాలూ వస్తాయి. వరల్డ్ గేమ్స్ స్పీడ్ పోటీలు మాత్రం చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్‌లోనే. మాకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. పాప పదేళ్లు వచ్చేదాకా క్వాడ్ మీదే ఉంది. మార్చాక పాత అలవాటు పోవడానికి ఏడాదిన్నర పట్టింది. అంత దూరం వెళ్లాలని మీకు ఉంటే, కాళ్లు కుదురుకున్న వెంటనే ఇన్‌లైన్‌కు మార్చడం గురించి కోచ్‌తో మాట్లాడండి.

తాడు లాగుడు గురించి ఒక మాట. ఇది 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. ఇప్పుడు వరల్డ్ గేమ్స్‌లో ఉంది. జట్టుకు ఎనిమిది మంది. బరువు ఒక్కొక్కరికి కాదు, ఎనిమిది మందిదీ కలిపి చూస్తారు. ఎదుటి జట్టును 4 మీటర్లు లాగితే గెలిచినట్టు. మన పల్లెల్లో తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు చూసి పెరిగినవాళ్లకు పట్టు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అడుగు నిలవకపోతే ఎంత బలమున్నా బండ కదలదు. పెద్ద ఖర్చు లేని ఆట ఇది. ఒక మంచి తాడు, మడమ గట్టిగా ఉండే బూట్లు, ఎనిమిది మంది చాలు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు హైస్కూళ్లలో పనిచేసే పీఈటీ సార్లు దీని మీద మనసు పెడితే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది.

కాంపౌండ్ విలువిద్య మన రాష్ట్రానికి దగ్గరి ఉదాహరణ. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2022 వరల్డ్ గేమ్స్‌లో అభిషేక్ వర్మతో కలిసి మిక్స్‌డ్ విభాగంలో కాంస్యం తెచ్చింది. అప్పటికి కాంపౌండ్ ఒలింపిక్స్‌లో లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అదే కాంపౌండ్ మిక్స్‌డ్ పోటీ పెడుతున్నారు. స్క్వాష్ కూడా ఏళ్ల తరబడి వరల్డ్ గేమ్స్‌లో ఉండి 2028లోనే ఒలింపిక్స్‌లోకి వెళ్తోంది.

3. సంఘం ఎవరి కింద ఉందో పై దాకా వెతకండి

ఈ వ్యాసంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. ఆట మంచిదే, కోచ్ మంచివాడే, పిల్లలు బాగా ఆడుతున్నారు, అయినా సంఘం సరైనది కాకపోతే ఏ పతకమూ పనికిరాదు.

మా పాప ఏడో తరగతిలో ఉండగా ఒక సంస్థ వాళ్లు వచ్చి, పొరుగు దేశంలో ఇంటర్నేషనల్ టోర్నమెంట్ ఉంది, పాప సెలెక్ట్ అయింది అన్నారు. సెలెక్షన్ అంటే ఒక ఆదివారం పొద్దున పెట్టిన రెండు రేసులు. ప్రయాణానికి, డ్రెస్సుకు, ఎంట్రీకి కలిపి 38,000 రూపాయలు కట్టాం. నా గాజులు తాకట్టు పెట్టాను. పాప స్వర్ణం తెచ్చింది. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు, స్కూల్లో సన్మానం చేశారు. అక్కడ పాపతో పోటీపడిన ఆరుగురిలో నలుగురు మన దేశం పిల్లలేనని పాప చెప్పినప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. తర్వాత ఒక సర్టిఫికెట్ పరిశీలనలో కూర్చున్న అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఈ సంఘం జాబితాలో లేదు" అని పక్కన పెట్టాడు. పాప బయటికి వచ్చి ఏడవలేదు. ఇంటికి వచ్చాక ఆ పతకాన్ని గోడ మీద నుంచి తనే తీసేసింది. అది చూసినప్పుడు నాకు వచ్చిన బాధ డబ్బు పోయినందుకు కాదు.

అందుకని ఇలా చేయండి. మొదట అంతర్జాతీయ సమాఖ్య పేరు కనుక్కోండి. వరల్డ్ గేమ్స్‌ను నడిపే అంతర్జాతీయ సంఘం వెబ్‌సైటులో ఏ ఆటకు ఏ సమాఖ్య సభ్యురాలో ఉంటుంది. రోలర్ క్రీడలకు అది వరల్డ్ స్కేట్. ఆ సమాఖ్య వెబ్‌సైటులో సభ్య దేశాల పేజీకి వెళ్లి భారత్ పక్కన ఏ జాతీయ సంఘం పేరుందో చూడండి. స్కేటింగ్‌కు అది రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. తర్వాత కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ విడుదల చేసే గుర్తింపు పొందిన జాతీయ సంఘాల జాబితాలో అదే పేరు ఉందో లేదో చూడండి. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. దాని ప్రకారం గుర్తింపు ఇచ్చే పని జాతీయ క్రీడా బోర్డుకు వస్తుంది. కాబట్టి పాత జాబితా నమ్ముకోకుండా ఏటా కొత్తది చూడండి. ఆ జాతీయ సంఘం వెబ్‌సైటులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంఘం ఏదో ఉంటుంది. ఆ రాష్ట్ర సంఘాన్ని అడిగితే మీ జిల్లా సంఘం ఎవరిదో చెబుతారు. అంటే పై నుంచి కిందికి దిగాలి. మనం ఎప్పుడూ కింది నుంచి పైకి అడుగుతాం, అక్కడే మోసపోతాం. కింద ఉన్నవాళ్లు "మాది గుర్తింపు ఉన్నదే" అని ఎలాగూ అంటారు.

పేర్లు అక్షరం అక్షరం పోల్చండి. "ఇండియా", "ఇండియన్", "ఆల్ ఇండియా", "నేషనల్" అనే మాటలు అటూ ఇటూ మార్చి అచ్చం ఒకేలా వినిపించే పేర్లు పెట్టుకున్న సంఘాలు ప్రతి ఆటలోనూ ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు చూపిస్తే సంతోషించకండి. సొసైటీగా రిజిస్టర్ కావడం వేరు, క్రీడా సంఘంగా గుర్తింపు వేరు. ఇంకా అనుమానం ఉంటే జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసుకు వెళ్లి అడగండి. స్టేడియంలోనే ఉంటుంది, మొహమాటపడాల్సిన పనిలేదు. ఏ ఆటకు ఏ సంఘాన్ని శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) గుర్తించిందో అక్కడ చెప్పగలరు.

అప్పటికీ ఎవరైనా ఇంటర్నేషనల్ అంటే, ఒకే ప్రశ్న వేయండి: ఈ టోర్నమెంటు అంతర్జాతీయ సమాఖ్య క్యాలెండర్‌లో ఉందా? ఉంటే లింకు పంపుతారు. లేకపోతే ఎదురు కోపం చేస్తారు. కోపం చేశారంటే మీకు జవాబు దొరికినట్టే.

4. కాగితాలు

పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు, ఈ మూడింట్లో పేరు స్పెల్లింగూ తేదీ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నా తర్వాత పాస్‌పోర్టు దగ్గర ఇబ్బంది అవుతుంది. ఇప్పుడే సరిచేయించండి. వయసు విభాగాలు కొన్నిట్లో జనవరి 1 నాటికి లెక్కేస్తారు, కొన్నిట్లో వేరే తేదీ. సర్క్యులర్ పూర్తిగా చదవండి. వయసు తగ్గించి ఆడించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఒకసారి దొరికితే పిల్లల పేరు శాశ్వతంగా పాడవుతుంది.

జిల్లా సంఘంలో పేరు నమోదు ఏటా చేయించాలి. పోయినేడాది చేశాం కదా అని ఊరుకుంటే సెలెక్షన్స్ రోజు పేరు కనిపించదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మనకు ఇంకో చిక్కు వచ్చింది. నంద్యాలలో ఉండేవాళ్లు నంద్యాల జిల్లా తరఫున ఆడాలా, ఉమ్మడి కర్నూలు తరఫునా? పుట్టపర్తి వాళ్లు అనంతపురం సెలెక్షన్స్‌కు రావాలా? సంఘాన్ని బట్టి మారుతుంది. మీ ఆట రాష్ట్ర సంఘాన్ని ఫోన్లో కాకుండా మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ప్రతి పోటీ తర్వాత సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టండి. డిజీలాకర్ ద్వారా సర్టిఫికెట్లు ఇవ్వాలని కేంద్ర క్రీడా శాఖ 2024లో జాతీయ సంఘాలకు చెప్పింది. కాబట్టి పిల్లల డిజీలాకర్ ఖాతా తెరిచి పెట్టుకోండి. ఫలితాల షీటు కూడా దాచండి. పతకం ఫోటో కన్నా టైమింగ్ రాసి ఉన్న ఆ షీటే పై స్థాయిలో అడుగుతారు.

5. ఊళ్లో ప్రాక్టీసు, చేతిలో ఉన్న డబ్బుతో

పెద్ద నగరాల్లో 200 మీటర్ల బ్యాంక్డ్ ట్రాక్ మీద, అంటే మలుపుల్లో లోపలికి వాలి ఉండే ట్రాక్ మీద ప్రాక్టీసు చేసిన పిల్లలతో మనవాళ్లు పోటీ పడాలి. మనకు దొరికేది సిమెంటు గచ్చు, బాస్కెట్‌బాల్ కోర్టు, తెల్లవారుజామున ఖాళీగా ఉండే కాలనీ రోడ్డు. అయితే దీంట్లోనే చేయగలిగింది చాలా ఉంది. మోకాళ్లు వంచి కింద కూర్చున్నట్టు ఉండే భంగిమ, పక్కకు తోసే తోపు, మలుపులో కాలు మీద కాలు వేసే క్రాసోవర్, ఇవి స్కేట్లు లేకుండా మేడ మీద కూడా సాధన చేయొచ్చు. మా పాప రోజూ సాయంత్రం ముప్పావుగంట ఇదే చేస్తుంది. ట్రాక్ అలవాటు కోసం ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం సెలవుల్లో, పెద్ద పోటీ ముందు, మంచి ట్రాక్ ఉన్న ఊరికి పది రోజులు తీసుకెళ్లండి. ఏడాదంతా హాస్టల్లో పెట్టడం కన్నా ఇది తక్కువ ఖర్చు.

కర్నూలు ఎండలో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ఆపేయండి. గచ్చు వేడెక్కితే చక్రాలు మెత్తబడతాయి, పట్టు మారుతుంది, పడితే చర్మం ఊడుతుంది. హైవే సర్వీస్ రోడ్ల మీద మాత్రం స్కేటింగ్ వద్దు. ట్రాఫిక్ లేదనిపించినా వద్దు. హెల్మెట్ లేకుండా ఒక్క రౌండు కూడా వద్దు.

మన రోడ్ల దుమ్ముకు బేరింగులు త్వరగా పాడవుతాయి. పదిహేను రోజులకోసారి విప్పి, కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. ఎక్కువ వేస్తే దుమ్ము ఇంకా పడుతుంది. చక్రాలు లోపలి వైపు ఎక్కువ అరుగుతాయి కాబట్టి వాటిని తిప్పి, ముందువి వెనక్కి మార్చి బిగించాలి. ఈ పని పిల్లలతోనే చేయించండి. బయటి ఊళ్లో రేసు ముందు చక్రం ఇరుక్కుంటే మనం పక్కన ఉండం. బూట్లు మాత్రం పెరిగే కాలికి అని రెండు సైజులు పెద్దవి కొనకండి. మడమ కదిలితే నేర్చుకున్నదంతా తప్పుగా నేర్చుకుంటారు. సీనియర్ పిల్లల దగ్గర సెకండ్ హ్యాండ్‌వి మంచివి దొరుకుతాయి.

తిండికి డబ్బాల పొడులు అక్కర్లేదు. సంకటి, జొన్నరొట్టె, గుడ్లు, పప్పు, చెనిక్కాయలు బెల్లం కలిపిన ఉండలు చాలు. ఉగ్గాని బజ్జీ మాత్రం పొద్దున ప్రాక్టీసు అయ్యాకే.

డబ్బు సంగతి దాచిపెట్టను. ఒలింపిక్ ఆటలకే ప్రభుత్వ సాయంలో మొదటి పీట. మన ఆటల్లో జాతీయ జట్టుకు ఎంపికైనా చాలాసార్లు ప్రయాణ ఖర్చు మనదే అంటారు. కాబట్టి ఎంపిక అయ్యాక అడగడం కాదు, జాతీయ స్థాయి పతకం వచ్చిన వారంలోనే ఫలితాల షీటు, సంఘం గుర్తింపు కాగితం, ఖర్చు అంచనా జతచేసి కలెక్టరేట్‌లో, శాప్‌లో, ఎమ్మెల్యే ఆఫీసులో అర్జీ ఇవ్వండి. స్కూల్లో, కాలేజీలో ఫీజు రాయితీ అడగండి. అర్జీలో కష్టాల కథ రెండు వాక్యాలు చాలు. లెక్కలు స్పష్టంగా ఉంటేనే చదువుతారు.

6. మెట్లు ఎక్కే వరస

జిల్లా సెలెక్షన్స్, రాష్ట్ర పోటీలు, జాతీయ ఛాంపియన్‌షిప్, జాతీయ శిబిరం, ఏషియన్ లేదా ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆ తర్వాతే వరల్డ్ గేమ్స్. దీంట్లో మెట్టు దాటి దూకే దారి లేదు. 2029 కార్ల్స్‌రూహె మనసులో ఉంటే 2028 నాటికి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లే స్థాయిలో ఉండాలి. అంటే 2027 నాటికి జాతీయ స్థాయిలో సీనియర్లతో పోటీపడి మొదటి నలుగురిలో ఉండాలి. ఇప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్లలున్నవాళ్లు 2029ని మరిచిపోండి, 2037 గురించి ఆలోచించండి. తొందరపడితే పదమూడేళ్లకే మోకాళ్లు పోతాయి.

రాష్ట్ర పోటీలు చాలావరకు విశాఖ, విజయవాడ వైపే ఉంటాయి. మనకు దూరం. అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖ దాకా ఉంది. రేసు రోజు పొద్దున దిగేలా టికెట్ తీసుకోకండి. ఒక రోజు ముందు చేరండి. రాత్రంతా రైలులో కూర్చుని వచ్చిన కాళ్లతో 10,000 మీటర్ల ఎలిమినేషన్ రేసు పరిగెత్తించడం పిల్లలకు అన్యాయం. ఆ రేసులో రౌండు రౌండుకూ చివర ఉన్నవాళ్లను తీసేస్తారు. ఒక్క క్షణం మగతగా ఉన్నా బయటే.

ఓడిపోయి వచ్చినప్పుడు ఇంటికి వచ్చేదాకా రేసు గురించి మాట్లాడకండి. దారిలో వాళ్లే చెబుతారు. టెన్షన్ మనకుంటే మనం దాచుకోవాలి.

7. మందుల విషయంలో నిర్లక్ష్యం వద్దు

వరల్డ్ గేమ్స్‌లోనూ డోపింగ్ నియమాలు ఒలింపిక్స్‌లో ఉన్నంత గట్టిగానే ఉంటాయి. జాతీయ పోటీల్లో నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు శాంపిల్ తీసుకోవచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ ఒక మోతాదు దాటితే పోటీ రోజుల్లో నిషిద్ధం. మెడికల్ షాపులో "జలుబుకు ఏదైనా ఇవ్వండి" అని తెచ్చి వేయకండి. నాడా వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. ఉబ్బసం లాంటి జబ్బుకు రోజూ వాడే మందు నిషిద్ధ జాబితాలో ఉంటే, చికిత్సకు మినహాయింపు కోసం ముందే దరఖాస్తు చేయాలి. పవర్‌లిఫ్టింగ్ పిల్లల తల్లిదండ్రులు జిమ్‌లో ఇచ్చే పొడులు, బిళ్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డబ్బా మీద రాయనివి కూడా లోపల ఉండొచ్చు. తెలియక తిన్నామంటే ఒప్పుకోరు. శరీరంలో ఏముందో దానికి ఆటగాళ్లే బాధ్యులు అన్నది నియమం.

8. చదువు, కోటా

ఉద్యోగాల్లో, సీట్లలో స్పోర్ట్స్ కోటా ఉంది కదా అని అందరూ అంటారు. ఏ జాబితాలో మన ఆట ఉందో ఎవరూ చెప్పరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల జాబితా 2020లో 43 ఆటల నుంచి 63కు పెరిగింది. తాడు లాగుడు అప్పుడే చేరింది. రాష్ట్రం జాబితా వేరు, కాలేజీ సీట్ల జాబితా వేరు. ప్రతి నోటిఫికేషన్‌కూ విడిగా చూసుకోవాలి. మామూలు పార్టిసిపేషన్ సర్టిఫికెట్‌తో పని జరగదు. నిర్ణీత నమూనా పత్రాలుంటాయి. కేంద్రం పద్ధతిలో దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం 4. వాటిమీద సంఘం కార్యదర్శి లాంటి అధికారం ఉన్నవాళ్ల సంతకం ఉండాలి. పోటీ అయిన నెలలోనే సంతకం చేయించుకోండి. నాలుగేళ్ల తర్వాత కార్యదర్శి మారిపోతాడు, మీ పాప ఎవరో కొత్తాయనకు తెలియదు.

అలాగని కోటా కోసమే ఆడించకండి. పిల్లలకు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. తెలంగాణకు చెందిన అనూప్ కుమార్ యామా ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో 2010 ఏషియన్ గేమ్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చి, 2015కు అర్జున అవార్డు అందుకున్నాడు. ఒలింపిక్స్‌లో లేని ఆటే అది. మా పాపకు అతని పేరు చెప్పినప్పుడు అవార్డు గురించి అడగలేదు. అతను రోజుకు ఎన్ని గంటలు చేసేవాడమ్మా అని అడిగింది.

9. పాస్‌పోర్టు, ప్రయాణం

జాతీయ స్థాయిలో పతకం వచ్చిన వెంటనే పాస్‌పోర్టుకు పెట్టేయండి. ఎంపిక జాబితా వచ్చాక పరిగెత్తితే వీసాకు సమయం చాలదు. పదిహేనేళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్టు ఐదేళ్లు లేదా 18 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం కావాలి. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. పిల్లలు ఒంటరిగా జట్టుతో వెళ్తుంటే మేనేజర్ ఎవరు, అమ్మాయిల వెంట మహిళా మేనేజర్ ఉన్నారా, బస ఎక్కడ, ఇన్సూరెన్స్ ఎవరు చేయించారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

ఇక సామాను. స్కేట్ బూట్లు, హెల్మెట్, రేసు డ్రెస్సు చేతి సంచిలో విమానంలోకి తీసుకెళ్లాలి. పెద్ద బ్యాగు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా రేసు ఆగదు కదా. అయితే చక్రాలు బిగించే టూల్ కిట్ చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకునే అవకాశం ఉంది. దాన్ని చెకిన్ బ్యాగులో పెట్టి, చక్రాలను బయల్దేరే ముందే ఇంటి దగ్గర బిగించి పంపండి.